ప్రథమ పట్టభద్రురాండ్రును వారిని బెంచిన వసతిపాఠశాలలును

1883వ సంవత్సరము మార్చినెలలో గలకత్తా విశ్వవిద్యాలయమువారి స్నాతకోత్సవము జరిగినప్పుడు సభాభవనము చాలక జనము వీధిలోనికి బొరలి ట్రాముదారివరకును నిండియుండె నని చెప్పుదురు. ఆనాడు కాదంబినీ బసు, చంద్రముఖీ బసు అను నిరువురు వంగకన్యలు బి. ఏ. పట్టమును స్వీకరించిరి. భారతదేశమున నొక విశ్వవిద్యాలయమువారు స్త్రీలకు బట్టమొసగుట యదియే మొదలు. ఇంటిపేరొక్కటియే యైనను వారొక కుటుంబమువారు గారు. కాదంబిని బ్రాహ్మసమాజమునకు జెందిన యొక పాఠశాలాధ్యక్షుని కుమార్తె. చంద్రముఖి డెహరాడూనునందు నివసించిన క్రైస్తవ కుటుంబమున బుట్టినది. వారు నెగ్గినది 1882వ సంవత్సరపు పరీక్షయు, పట్టము నందుకొన్నది 1883వ సంవత్సరమున నగుటచే గ్రంథములయం దీ రెండు సంవత్సరములును గానవచ్చుచున్నవి. అందు విరోధ మేమియు లేదు.

వీరిని గూర్చి వ్రాసినవారు సాధారణముగా రెండు మాటలు చెప్పుదురు. ఆంగ్లసామ్రాజ్యమున నెల్ల వీరే ప్రథమ పట్టభద్రురాండ్రనుట యొకటి. ఈ కీర్తి బెథూన్ కళాశాల దనుట రెండవది. మొదటిమాట నిలువదు. న్యూజీలండునందు కేట్ ఎడ్గరు 1877వ సంవత్సరముననే బి. ఏ. పట్టమును బొందినది, లండను విశ్వవిద్యాలయమువారును 1880వ సంవత్సరమున గొందరు స్త్రీలకు బట్టము లిచ్చిరి. రెండవమాట సత్యమే కాని సగము సత్యము. పట్టికలయందు వారి పేళ్లకెదుట నున్నది బెథూన్ పేరే. అయితే వారిని విశ్వవిద్యాలయద్వారమువరకు నడిపించుకొని వచ్చినవి వేఱు పాఠశాలలు. అవి యన్నియు బాలికలు రాత్రింబవళ్లు నివసించి చదువుకొనిన వసతిపాఠశాలలు. అందు రెండు మూడేండ్లైనను నిండకుండ మూతపడుటయో, మఱియొకదానిలో గలసిపోవుటయో సంభవించుటచే వానిపేరు చరిత్రమున వెనుకబడినది. బెథూన్‌వంటి ప్రసిద్ధవిద్యాలయము ముప్పదియేండ్లలో జేయజాలని కార్యమును నీ స్వల్పాయువులగు పాఠశాల లెట్లు చేయగలిగెనో విచారింపదగియున్నది.

గవర్నరు జనరలు సభయందు న్యాయశాఖా సభ్యుడైన డ్రింక్‌వాటర్ బెథూన్ దొర 1849 మే 7వ తేదీన 21 మంది బాలికలతో గలకత్తాయందు హిందూ బాలికాపాఠశాలను నెలకొల్పెను. రామగోపాల ఘోషు, దక్షిణారంజన ముఖర్జీగారలు దానికి దోడ్పడిరి. సంస్కృతకళాశాలయందు సాహిత్యాచార్యులైన మదనమోహన తర్కాలంకారులు తమ కుమార్తెలగు భువనమాల, కుందమాలలను మొట్టమొదటనే యచ్చటికి బంపిరి. ఒక సంస్కృతపండితుడు లోకాపవాదమునకు వెఱవక చేసిన యీ పని సామాన్యమైనది కాదు. 1850 డిసెంబరునుండి యీశ్వరచంద్ర విద్యాసాగరులు పాఠశాలకు గార్యదర్శిగా నుండిరి. బాలికలను దీసికొనివచ్చు బండిమీద, కుమార్తెనుగూడ శ్రద్ధతో బెంచి చదివింపవలె నను నర్థముగల సంస్కృతవాక్యము వ్రాయబడియుండెను. బెథూన్ దొర 1851 ఆగస్టులో మరణించెను, పాఠశాల నిలిచినది.

ఆ బండియే యాపాఠశాలకు బలమును, బలహీనతయు నయ్యెను. ఉదయమున దెచ్చిన బాలికను సాయంకాలమునకు మరల నింటికి జేర్చుట దాని పని. ఇంట నామెకు బెండ్లి నిశ్చయమైనయెడల మఱునాడు బండి యావాకిట నిలువ నక్కఱలేదు. 1863వ సంవత్సరమున బెథూన్ పాఠశాలలో 93 మంది బాలికలుండగా వారి వయస్సు అయిదు మొదలు ఏడేండ్లవఱకే యుండెను. ఆవయస్సున జదువు నిలిచిపోయిన పిల్లకు వర్ణమాలయు, గొలదిపాటి లెక్కలును దప్ప నేమి మిగులును? అది బోధకుల దోషము గాదు. పగటి పాఠశాల యెంత మంచిదైనను బాలికపై దాని యధికారము సూర్యాస్తమయముతో దీరిపోవుచుండెను.

ఈసంగతి నందఱికంటె బాగుగ నెఱిగినవారు విద్యాసాగరులే. 1857, 1858 సంవత్సరములలో హుగ్లీ, బర్దమాను, మేదినీపురము, నదియా మండలములయందు ముప్పదియైదు బాలికాపాఠశాలలను స్థాపించి, ప్రభుత్వము ధనమిచ్చుటకు వెనుదీసినప్పుడు కష్టము ననుభవించినవారు గదా! 1866వ సంవత్సరమున మేరీ కార్పెంటరను నాంగ్లవనిత వచ్చి, స్త్రీలను ఉపాధ్యాయినులుగా దీర్చుటకు బెథూన్ పాఠశాలయందే యొక శిక్షణశాల నుంచవలెనని సూచించెను. మఱుచటి సంవత్సరమున విద్యాసాగరులు లెఫ్టినెంటు గవర్నరైన గ్రే దొరగారికి వ్రాసిన లేఖలో దీనిని బొసగని పనిగా దలచిరి. పది పదునొకండేండ్ల పిల్లనే పెండ్లియైన పిమ్మట గడప దాటనీయని కుటుంబములవారు వయస్సు వచ్చిన స్త్రీల నుద్యోగమునకై వెలుపలికి బంపుదు రనుకొనుట భ్రమ యని వారి తాత్పర్యము. స్త్రీవిద్యకై పాటుపడిన మహనీయుడే యిట్లనుటచే గొందఱు నొచ్చుకొనిరి. ప్రభుత్వము వారి మాటను లెక్కింపక 1869వ సంవత్సరమున శిక్షణశాలను దెఱచెను. 1872వ సంవత్సరమున మూసివేసెను.

అనగా 1872వ సంవత్సరమునాటికి వంగదేశమున స్త్రీవిద్య యొక గోడయొద్దకు వచ్చి నిలిచినది. పిల్లలకు బాఠశాల కలదు, పెరిగిన కన్యలకు లేదు.

అట్టి సమయమున ఆనెట్ ఆక్రాయిడ్ అను నాంగ్లకన్య కలకత్తా చేరినది. ఆమె లండను బెడ్‌ఫర్డు కళాశాలయందు జదివినది. కార్మికస్త్రీల విద్యాలయము నొకదానిని నెలకొల్పుటలో బాలుగొన్నది. 1870వ సంవత్సరమున గేశవచంద్రసేనులు లండనునందు బ్రసంగించుచు, భారతస్త్రీలకు విద్యగఱపుటకు నాంగ్లవనితలు రావలసినదని యర్థించిరి. ఆ పిలుపు విన్న యామె భాషకూడ నేర్చుకొని 1872వ సంవత్సరము చివర నీదేశమునకు వచ్చి, మొదట మనోమోహన ఘోషుగారి యింట బసచేసెను. తీరవచ్చిన పిమ్మట బిలిచినవారితోడనే యామెకు బొసగదయ్యెను. కేశవచంద్రులు స్త్రీలకు గృహధర్మమున కనుకూలమైన విద్య చాలు ననువారు; రేఖాగణితము, తర్కశాస్త్రమువంటివి స్త్రీల కేల యని వారి ప్రశ్న. పురుషులు చదువు శాస్త్రములనే స్త్రీలును జదువవలె నను బ్రాహ్మయువకులు కొందఱుండిరి. ద్వారకానాథ గంగూలీ, దుర్గామోహన దాసు, ఆనందమోహన బసు, శివనాథశాస్త్రి మున్నగువారు ఆ పక్షమువారు. ఆక్రాయిడ్ వీరిపక్షమున జేరి 1873వ సంవత్సరమున బేనియాపుకూరునందు హిందూమహిళా విద్యాలయమును దెఱచినది. అది వసతిపాఠశాల. ద్వారకానాథుడు ప్రధానోపాధ్యాయుడు. భాగల్పురమునందు జన్మించిన కాదంబిని యప్పటికి బండ్రెండేండ్ల పిల్ల. ఆమె యిచ్చట జేరినది.

1875వ సంవత్సరమున ఆక్రాయిడ్ సివిలు సర్వీసులోని హెన్రీ బెవరిడ్జిదొరను వివాహమాడి, భర్త యుద్యోగముతో మొఫస్సలునకు వెడలిపోవుటచే విద్యాలయము దిక్కులేనిదై 1876వ సంవత్సరమున మూతపడెను. అక్కడితో నీకథ ముగిసిపోవలసినది. అట్లు గాకుండుటకు ముఖ్యకారకుడు ద్వారకానాథుడు. ఆయన తూర్పువంగమునందుండగా 1869వ సంవత్సరమున ‘అబలాబాంధవ’ మను పత్రికను స్థాపించినవాడు. దుర్గామోహన, ఆనందమోహనుల ధనసహాయముతో నాయన 1876 జూనులో బాలీగంజియందు వంగమహిళా విద్యాలయమను పేర వసతిపాఠశాలను మరల నెత్తినాడు. పేరునకు బ్రధానోపాధ్యాయుడైనను, విద్యార్థినుల భోజనవిధానము విచారించుట, ఇంటి మరమ్మతులు చూచుట, రాత్రి కావలియుండుట మొదలగు పనులన్నియు నాయనయే చేసెను. బాలికలకు దగిన పుస్తకములు లేకపోగా గణితము, భూగోళము, ఆరోగ్యశాస్త్రములందు దానే పుస్తకములు వ్రాసెను. ఉపాధ్యాయవృత్తిలో నున్నవారి కీ శ్రమ మెట్టిదో వేఱుగ జెప్ప నక్కఱలేదు.

ఇచ్చట బండి లేదు. సాయంకాలమైనంతనే పిల్లను బంధువులు, వ్రతములు, పెండ్లిమాటలు గల యింటికి మరల జేర్చునది లేదు. పదునైదు, పదునాఱేండ్ల కన్య యవివాహితయై యుండి చదువుకొనుట వీధిలో వింతగాని యాయింట సహజముగా నుండెను. చుట్టునున్నవారందఱు నట్టివారే గదా! పాఠమును మఱునాటికి నేర్చుకొనుటకు రాత్రి గలదు. నేర్చుకొనినది ముచ్చటించుటకు సహపాఠిని గలదు. మగపిల్లవానికి నిట్టి వసతి లేకున్నను జదువు సాగును, ఏలయన నింటిలోనివా రతని చదువునకు దారి నిత్తురు. ఆడుపిల్లకు జదువు నేర్పుటకు ముందు చదువుకొను కాలమును సంపాదించి యీయవలసియుండెను. బెథూన్ పాఠశాలకు భవనము, ప్రభుత్వాదరము, విద్యాసాగరునంతటి కార్యదర్శి యుండియు లేకపోయిన దీ కాల మొక్కటియే.

ఫలము త్వరలోనే కానవచ్చెను. 1877వ సంవత్సరమునాటికి గాదంబినియు, దుర్గామోహనుని కుమార్తెయగు సరళాదాసును విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షకు సిద్ధమైరి. వారి శక్తిని దెలిసికొనుటకు నొక పూర్వపరీక్ష జరుపగా నిరువురును నెగ్గిరి. సిద్ధముగాక మిగిలినది విశ్వవిద్యాలయమే.

అంతకుముందే యొక కన్య యాతలుపు తట్టియుండెను. డెహరాడూనునందు నమెరికా ప్రెస్బిటీరియను మిషనువారి క్రైస్తవ బాలికా వసతిపాఠశాల యొకటి కలదు. దాని యధికారియైన హెరన్ ఫాదిరీగారు 1876వ సంవత్సరమున దమ విద్యార్థినియగు చంద్రముఖిని బ్రవేశపరీక్షకు గూర్చుండనీయవలసినదని కలకత్తా విశ్వవిద్యాలయమువారికి వ్రాసిరి. నిబంధనలు స్త్రీలను రావలదని స్పష్టముగా ననలేదు, రావచ్చుననియు ననలేదు. సిండికేటువా రాలోచించి, ప్రశ్నపత్రముల కామె వ్రాయు నుత్తరములను బరీక్షకులచే దిద్దింతుము గాని నెగ్గినవారి పట్టికలో నామె పేరు చేర్పబడదని తీర్మానించిరి. ఆమె వ్రాసినది. పరీక్షకు దగిన ప్రమాణము నందుకొన్నట్లు పరీక్షకు లొప్పుకొనిరి. పట్టికలో బే రెక్కలేదు.

కావున ప్రవేశపరీక్షయందు నెగ్గిన ప్రథమస్త్రీ యెవరను వివాదమున బట్టికనే ప్రమాణముగా గొనువారు కాదంబిని యనియు, పరీక్షాఫలమును బ్రమాణముగా గొనువారు చంద్రముఖి యనియు జెప్పుదురు. చదువు చదివినవారిదే కాని పట్టిక వ్రాసినవారిది గాదు గనుక రెండవపక్షమే న్యాయముగ దోచుచున్నది. అయినను గాదంబినిపేరు పట్టికకెక్కుటకు ద్రోవచేసినవానిలో చంద్రముఖి యుత్తరపత్రములుకూడ నున్నవి గదా. ఇందొకరి యాధిక్యమువలన మఱియొకరికి లోపము లేదు.

డెహరాడూనునుండి వచ్చిన యభ్యర్థన యొంటరిది. దానిని బ్రత్యేకవిషయముగా ద్రోసివేయవచ్చును. కలకత్తానగరములోనే మఱి యిరువురు కన్యలు సిద్ధమై, వారివెనుక బలుకుబడిగల పెద్దలు నిలిచి ద్వారకానాథునితోపాటు పట్టుపట్టినప్పుడు త్రోసివేయుటకు వీలులేకపోయెను. 1878 ఏప్రిలు 27వ తేదీన సెనేటువారు స్త్రీలను బరీక్షలకు జేర్చుకొనుటకు నంగీకరించిరి. వేఱు స్థలమున, స్త్రీల పర్యవేక్షణమున వారు పరీక్ష వ్రాయవలె నని నియమము. లండను విశ్వవిద్యాలయమువారు పట్టములను స్త్రీలకు దెఱచినదియు నీ 1878వ సంవత్సరముననే. ఆక్సుఫర్డువారు 1920 వఱకును, కేంబ్రిడ్జివారు 1948 వఱకును స్త్రీలకు బూర్ణమైన పట్టమీయలేదు.

తలుపు తెఱచునప్పటికి వంగమహిళా విద్యాలయమున కాయువు తీరుచుండెను. చందాలతో నడచు వసతిపాఠశాల బహుకాలము నిలుచుట కష్టము. ఒకవైపున ధనము గలిగి పెద్దవిద్యార్థినులు లేని బెథూన్ పాఠశాల. మఱియొకవైపున బెద్దవిద్యార్థినులు గలిగి ధనము లేని వంగమహిళా విద్యాలయము. బెథూన్ పాఠశాలకు గార్యదర్శియైన మనోమోహన ఘోషుగారు మధ్యవర్తియై 1878 ఆగస్టు 1వ తేదీన రెంటిని గలిపిరి. బెథూన్ పేరు నిలిచెను. రెండేండ్ల విద్యాలయము పేరు మాసెను. ఆ సంవత్సరము డిసెంబరులో గాదంబిని ప్రవేశపరీక్ష వ్రాసి, యొక్క మార్కు తక్కువయగుటచే మొదటితరగతి తప్పి రెండవతరగతిలో నెగ్గెను. నాలుగునెలల బెథూన్ వాసముచే నామె బెథూన్ విద్యార్థినిగా వ్రాయబడినది. సరళ యా పరీక్షకు గూర్చుండలేదు. డాక్టరు ప్రసన్నకుమార రాయిగారితో నామెకు వివాహమయ్యెను. పూర్వపరీక్షయందు దోడుగా నెగ్గిన కన్యను బెండ్లి యీవిధముగా బట్టికనుండి తప్పించెను. వసతిపాఠశాలకుగూడ నామాత్రపు హద్దుండెను.

1879వ సంవత్సరమున గాదంబిని యొక్కతెకొఱకే బెథూన్‌నందు ఎఫ్. ఏ. తరగతిని దెఱచి, కటకమునుండి శశిభూషణ దత్తుగారను నధ్యాపకుని రప్పించిరి. ఒక విద్యార్థిని, ఒక యధ్యాపకుడు: బెథూన్ కళాశాల కిది యారంభము. బెథూన్ పాఠశాల హిందువులు గాని బాలికలను జేర్చుకొనని దినములగుటచే జంద్రముఖి ఫ్రీ చర్చి మిషనువారి పాఠశాలలో జదివి 1880వ సంవత్సరముననే ఎఫ్. ఏ. పరీక్ష నెగ్గెను. కాదంబినియు నాయేటనే నెగ్గినది. నియమము సడలిన పిమ్మట జంద్రముఖియు బెథూన్‌లో బి. ఏ. తరగతికి వచ్చి కలసికొనెను. డెహరాడూను వసతిపాఠశాలయందును, బాలీగంజి వసతిపాఠశాలయందును వేఱువేఱుగ బెరిగిన యిరువురు కన్య లట్లొక బల్లమీద గూర్చుండిరి.

స్నాతకోత్సవము జరిగిన యా 1883 మార్చినెలలోనే మఱియొక ముచ్చట నడచినది. భారతీయులగు న్యాయాధికారులు మండలములయం దైరోపీయులనుగూడ విచారింపవచ్చు నను నిల్బర్టుగారి శాసనప్రతిపాదనముమీద నాంగ్లేయు లాగ్రహించియున్న దినము లవి. తమ స్త్రీల యున్నతికై యేమియు జేయని పురుషులకు నాంగ్లస్త్రీలపై విచారణాధికార మిచ్చుట తగదని ‘ఇంగ్లీషుమాన్’ పత్రికకు నొక లేఖ వచ్చెను. దానిని వ్రాసినది ఆనెట్ బెవరిడ్జి, హిందూమహిళా విద్యాలయమును స్థాపించిన యాక్రాయిడే. ఆమె యింట నివసించి చదువుకొన్న బాలిక యానెలలోనే విశ్వవిద్యాలయపట్టము నందుకొన్నది. ఆమె విద్యాలయమున బ్రధానోపాధ్యాయుడై, యామె వెడలిపోయిన తరువాత దానిని మరల నిలువబెట్టినవాడు భారతీయ పురుషుడే. నిరాశ మనుష్యుని కంటికి నెంత తెరవేయగలదో దీనివలన దెలియుచున్నది. న్యాయముగా జెప్పవలసిన దింకొకటి కలదు: ఆమె తరువాత బారసీకము నేర్చి, గుల్‌బదన్ బేగము వ్రాసిన హుమాయూన్ చరిత్రమును 1902వ సంవత్సరమున నాంగ్లీకరించి, బాబరు స్వీయచరిత్రమునుగూడ దుర్కీమూలమునుండి యనువదించినది. ఒక భారతరాజకుమార్తె రచనను లోకమున కెఱిగించిన పుణ్యమును నామెదే.

పట్టభద్రురాండ్రయిన పిమ్మట వీరి చరిత్రములు పెక్కుమంది వ్రాసినవే. చంద్రముఖి 1884వ సంవత్సరమున నాంగ్లసాహిత్యమున ఎం. ఏ. పరీక్ష నెగ్గగా విద్యాసాగరులు షేక్స్పియరు గ్రంథావళిని దమ వ్రాతతో నామెకు బహూకరించిరి. 1867వ సంవత్సరమున బొసగదన్నది పొసగినందులకు వారే సంతసించిరన్నమాట. ఆమె బెథూన్‌లో నధ్యాపకురాలై, 1888వ సంవత్సరమున నధ్యక్షురాలయ్యెను. కాదంబిని 1883 జూనులో ద్వారకానాథుని వివాహమాడి, యధ్యాపకుల యభ్యంతరములను దాటి కలకత్తా వైద్యకళాశాలలో జేరినది. అంతకు బూర్వము ఆ కళాశాల స్త్రీలను జేర్చుకొనకపోవుటచే సరళ చెల్లెలగు అబలాదాసు 1882వ సంవత్సరమున జెన్నపురికి బోవలసివచ్చెను. చెన్నపురి వైద్యకళాశాల 1875వ సంవత్సరముననే స్త్రీలకు దలుపు దెఱచియుండెను. ఈవిషయమున దక్షిణదేశమే వంగదేశమునకు ముందు నడచిన దనుట యిచ్చటి చదువరులు గుర్తుంచుకొనదగును. కాదంబిని యొక విషయమున దప్పుటచే విశ్వవిద్యాలయపట్టము రాక, 1886వ సంవత్సరమున వైద్యకళాశాలవారి పట్టముతోనే వైద్యవృత్తికి బూనుకొనెను. 1893వ సంవత్సరమున స్కాట్లండునందు మఱి మూడు పట్టములను సంపాదించెను. 1891వ సంవత్సరమున ‘బంగబాసి’ పత్రిక యామె శీలమును నిందింపగా న్యాయస్థానము సంపాదకునకు నూఱురూపాయల జరిమానాయు, నాఱునెలల కారాగారమును విధించెను.

పట్టము పొందని యిరువురి సంగతి వీరంత ప్రసిద్ధము గాదు. అబల యనారోగ్యముచే జెన్నపురిలో వైద్యవిద్యను ముగింపలేకపోయెను. 1887వ సంవత్సరమున జగదీశచంద్ర బసుగారికి భార్యయయ్యెను. పెండ్లికై పరీక్ష మానిన సరళ 1920వ సంవత్సరమున గలకత్తాయందు గోఖలే స్మారక బాలికాపాఠశాలను స్థాపించినది. అబల 1919వ సంవత్సరమున నారీశిక్షాసమితిని నెలకొల్పి, దాని పక్షమున విద్యాసాగరుల పేర నొక వాణీభవనమును దెఱచినది. భర్తృహీనలగు స్త్రీ లచ్చటనే నివసించి, చదివి, గ్రామపాఠశాలలయం దుపాధ్యాయినులుగా బోవుచుండిరి.